నీట మునిగిన స్వర్ణ: గుణుపురం పల్లంలో మూడు ఖరీఫ్‌ల కేసు

ఈ కేసు ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గరిది. ఒక గెడ్డ (వాగు) వంశధార నదిలో కలిసే చోటికి కాస్త ఎగువన రెండెకరాల ముప్పై సెంట్ల పల్లం. కౌలుకు చేస్తున్నది భార్యాభర్తలు. నేను వాళ్ళను మావయ్య, అత్త అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఊరి పేరు, వాళ్ళ పేర్లు రాయడం లేదు. విత్తన పంటలు చూసుకోవడం, కొత్త రకాలను రైతుల మళ్ళలో వేయించి ఫలితం రాసుకోవడం నా పని. ఈ పొలంలో 2016 నుంచి 2018 దాకా మూడు ఖరీఫ్‌లు స్వర్ణ సబ్‌-1 వరి, అంటే ముంపును తట్టుకునే జన్యువు చేర్చిన స్వర్ణ రకం, వేయించాను. మొదటి ఏడు పైరు పోయింది. రెండో ఏడు నిలబడింది. మూడో ఏడు మొక్క బతికింది కానీ గింజ రాలేదు. మూడూ కలిపి చెబితేనే ఈ జన్యువు ఏం చేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో అర్థమవుతుంది.

ఇక్కడ ముంపు అంటే నది గట్టు తెగి మీద పడటం కాదు. వంశధార నిండుగా పారుతున్నప్పుడు గెడ్డ నీరు అందులోకి దిగదు. వెనక్కి ఎగదన్ని మళ్ళ మీద పరుచుకుంటుంది. వాన వెలిసినా సరే, నది తగ్గేదాకా ఆ నీరు కదలదు. మావయ్య లెక్కలో మూడేళ్ళకోసారైనా ఆగస్టులో పైరు మునుగుతుంది. నాలుగైదు రోజుల్లో నీరు తీస్తే సరే. వారం దాటిందంటే మళ్ళీ ఆకు (నారు) కోసం ఊళ్ళు పట్టుకుని తిరగాలి. దొరికినా అప్పటికి ఉభాల (నాట్ల) అదును దాటిపోతుంది.

అలాంటి పొలంలో ఆయన ఇరవై ఏళ్ళుగా వేస్తున్నది ఒకటే రకం, 7029. మారుటేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029కే స్వర్ణ అని పేరు. వశిష్ఠ, మసూరి రకాలను కలిపి తీసింది. గోదావరి ఒడ్డున పుట్టిన ఆ రకం ఒడిశా రైతుకు ఇంటి విత్తనం అయిపోయింది. ఎరువు తక్కువ వేసినా పండుతుంది, ఆలస్యంగా ఊడ్చినా పిలకలు వేస్తుంది.

"మునుగుతుందని తెలిసీ అదే ఎందుకు వేస్తావు మావయ్యా?" అని మొదటిసారి కలిసినప్పుడే అడిగాను.

"మునగని ఏడు అది పెట్టినంత తిండి ఇంకోటి పెట్టదు బాబూ" అన్నాడు.

ఆ మాటలోనే మా పని మొత్తం ఉంది. రైతుకు కొత్త రకం అక్కర్లేదు. తన రకమే నీళ్ళలో బతకాలి.

జన్యువు ఎక్కడిది

ఆ పని చేసే జన్యువు ఒడిశాదే. ఇక్కడి ధలపుటియా అనే నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్‌13ఎ రకం రెండు వారాల దాకా పూర్తిగా నీటి కింద ఉండి కూడా తిరిగి లేస్తుంది. ఎఫ్‌ఆర్ అంటే ఫ్లడ్ రెసిస్టెంట్. దిగుబడి మాత్రం తక్కువ, గింజ బాగుండదు. దాన్ని మంచి రకాలతో కలిపినప్పుడల్లా ముంపును తట్టుకునే గుణంతో పాటు అక్కర్లేని గుణాలూ వెంట వచ్చేవి. 1996లో కెనాంగ్ షు, డేవిడ్ మెకిల్ అనే శాస్త్రవేత్తలు ఆ గుణం ప్రధానంగా వరి తొమ్మిదో క్రోమోజోమ్‌ మీద ఒకే చోట ఉందని చూపించారు. ఆ చోటికి సబ్‌-1 అని పేరు పెట్టారు. పదేళ్ళ తర్వాత, 2006లో, అమెరికా శాస్త్రవేత్త పమేలా రోనాల్డ్ బృందంతో కలిసి అసలు పని చేస్తున్నది సబ్‌-1ఎ అనే జన్యువని తేల్చారు.

మామూలు వరి మునిగినప్పుడు ఏం చేస్తుందో రైతుకు తెలుసు. గాలి కోసం పైకి సాగుతుంది. మొక్కలో పుట్టే ఇథిలీన్ వాయువే దాన్ని సాగమంటుంది. అరటి గెలను మాగబెట్టేదీ ఆ వాయువే. గాలిలో అయితే అది ఎప్పటికప్పుడు బయటికి పోతుంది. నీళ్ళలో దాని కదలిక దాదాపు పదివేల రెట్లు నెమ్మది కాబట్టి మొక్క లోపలే పేరుకుపోతుంది. మొక్క ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టి సాగి సాగి, నీరు తీసేసరికి నిలబడే సత్తువ లేక మట్టిలో వాలిపోతుంది. సబ్‌-1ఎ ఉన్న మొక్క ఆ పరుగు పెట్టదు. ఎదుగుదల ఆపేసి, కూడబెట్టుకున్నది దాచుకుని, నీరు పోయాక దాంతో కొత్త ఆకు వేస్తుంది.

గుణుపురం చుట్టుపక్కల పత్తి బాగా వేస్తారు కాబట్టి అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇది బీటీ లాంటిదా?" కాదు. బీటీ పత్తిలో బ్యాక్టీరియా జన్యువును ల్యాబ్‌లో చొప్పించారు. స్వర్ణ సబ్‌-1లో వరికి వరితోనే సంకరం చేశారు. ఎఫ్‌ఆర్‌13ఎ వంశపు వరిని స్వర్ణతో కలిపి, వచ్చిన మొక్కలను మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలోనూ ఏ పిల్లకు ఆ జన్యువు వచ్చిందో ఆకు ముక్కలోని డీఎన్‌ఏ చూసి ఏరారు. తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డను పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టినట్టు అని అత్తకు చెప్పాను. ఆ పుట్టుమచ్చనే మేం మార్కర్ అంటాం. మొక్కను నీట ముంచి చూడాల్సిన పని లేకుండా, నారు దశలోనే తెలిసిపోతుంది. ఈ పద్ధతిలో స్వర్ణను మార్చిన తీరు వివరిస్తూ 2007లో వచ్చిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత సి.ఎన్‌. నీరజ. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. మన తెలుగు రైతులకు ఈ పేరు చెప్పడం నాకు ఇష్టం.

జన్యు ఇంజనీరింగ్ అసలు వాడలేదా అంటే, వాడారు, రుజువు కోసం. ముంపుకు ఆగని ఒక జపోనికా వరిలోకి సబ్‌-1ఎ ఒక్కదాన్నే ల్యాబ్‌లో చొప్పిస్తే అదీ నీటిని తట్టుకుంది. దాంతో జన్యువు ఇదేనని ఖాయమైంది. రైతు మడికి వచ్చింది మాత్రం సంకరంతో తీసిన రకం. 2009లో భారత్‌లో విడుదలైంది. సంకరంతో పుట్టినా ఇది ఏటా కొనాల్సిన హైబ్రిడ్ విత్తనం కాదు. కాబట్టి కల్లంలోంచి విత్తనం దాచుకోవచ్చు. ఈ ఒక్క మాటతోనే మావయ్య ఒప్పుకున్నాడు.

2016: సంచి విప్పి చూడలేదు

మొదటి ఏడు విత్తనం ఒక డీలరు దగ్గర తెప్పించాను. సంచి మీద స్వర్ణ సబ్‌-1 అనే ఉంది. ఆగస్టులో గెడ్డ ఎగదన్ని పైరు ఎనిమిది రోజులు మునిగింది. నీరు తీశాక మడి మొత్తం కుళ్ళిపోయింది. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం గట్టు మీద నిలబడి, "నువ్వు చెప్పావని వేశాం" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఇంట్లో మిగిలిన దోసెడు విత్తనం అప్పుడు చూశాను. స్వర్ణ వడ్ల పొట్టు బంగారు గోధుమ రంగులో ఉంటుంది. స్వర్ణ సబ్‌-1 పొట్టు ఎండుగడ్డి రంగు. ముంపు జన్యువుకు బాగా దగ్గరలోనే పొట్టు రంగును మార్చే జన్యువు ఉంది, రెండూ కలిసే వచ్చేశాయి. నా చేతిలో ఉన్న వడ్లలో చాలా భాగం గోధుమ రంగువి. విత్తే ముందు సంచి విప్పి అరచేతిలో పోసుకుని చూసి ఉంటే అక్కడే తెలిసేది. ఆ తప్పు నాది. మిగిలిన గింజలను మొలకెత్తించి, ఇరవై మొక్కల ఆకు ముక్కలను సిలికా జెల్ పొట్లాల్లో ఎండబెట్టి ఒక ల్యాబ్‌కు పంపాను. ఏఆర్‌టి5, ఎస్‌సి3 అనే రెండు మార్కర్లతో చూశారు. సబ్‌-1 ఉన్నవి మూడే. ఆ నష్టానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పైరు పోయింది జన్యువు పనిచేయక కాదు, అది ఆ మడిలో లేక.

అప్పటి నుంచి నా సంచిలో తెల్ల గుడ్డ ముక్క ఒకటి ఉంటుంది. ఏ విత్తనమైనా ముందు దాని మీద పోసి చూడాల్సిందే.

2017: పన్నెండు రోజులు

రెండో ఏడు ఒక పరిశోధనా కేంద్రం నుంచి ఫౌండేషన్ విత్తనం (జాతి శుద్ధి చూసి పెంచిన మూల విత్తనం) తెచ్చాను. రంగు చూశాం, ల్యాబ్‌కూ పంపాం. పక్కనే ఇరవై సెంట్లలో మామూలు స్వర్ణ వేయించాను, పోల్చి చూడటానికి. ఆకుమడిలో ముప్పై రోజులు ఉంచాం, ముదురు ఆకు ముంపుకు బాగా ఆగుతుంది. భాస్వరం అంతా దమ్ములోనే వేశాం. ఉభాలయ్యాక యూరియా చల్లుతానని మావయ్య పట్టుబట్టాడు. నేను సగం ఆపించాను. నత్రజని ఎక్కువై ఆకు నల్లగా, మెత్తగా ఉన్నప్పుడు మునిగితే త్వరగా చస్తుంది.

ఊడ్చిన ఇరవయ్యో రోజున నీరు వచ్చింది. మొత్తం పన్నెండు రోజులు, అందులో పది రోజులు ఆకు కొన కూడా కనిపించలేదు. బురద నీరు కావడం ఇంకా చెడ్డది. నీరు తేటగా ఉంటే కాస్తయినా వెలుతురు దిగుతుంది, ఆకు కొంత ఆహారం చేసుకుంటుంది. ఇది టీ రంగు నీరు.

పదమూడో రోజు పొద్దున వెళ్ళాం. గట్టు ఎక్కకముందే కుళ్ళు వాసన. ఆకులన్నీ బూడిద రంగు బురద పట్టి నేలకు అంటుకుపోయి ఉన్నాయి. సబ్‌-1 మడి ఏదో, మామూలు స్వర్ణ ఏదో చూపుతో చెప్పలేం. నేను ఏం మాట్లాడలేకపోయాను. అత్త మడిలోకి దిగి సబ్‌-1 దుబ్బు ఒకటి పట్టుకుని లాగింది. రాలేదు, వేరు పట్టు ఉంది. మొదలు దగ్గర వేళ్ళతో నొక్కింది, గట్టిగానే ఉంది. గోటితో కాండాన్ని నిలువుగా చీల్చి చూపించింది. లోపల మొవ్వ, చిటికెన వేలి గోరంత, పాలపచ్చగా ఉంది. అవతలి మడిలో స్వర్ణ దుబ్బు లాగగానే చేతికి వచ్చేసింది. నొక్కితే జావలా జారింది. పొడుగు చూస్తే సబ్‌-1 కంటే జానెడు ఎక్కువ. నీటి కింద పరుగు పెట్టి అలిసిపోయిన మొక్క అది.

అయినా మొవ్వ పచ్చగా ఉండటం వేరు, మడి లేవడం వేరు. ఆ వారం పడ్డ టెన్షన్ నేను ఇంకెప్పుడూ పడలేదు. దున్నేసి తక్కువ కాలపు రకం ఏదైనా ఎద పెట్టేద్దామని ఊళ్ళో అందరూ అంటున్నారు. మావయ్య ట్రాక్టరుకు ఫోన్ కూడా చేశాడు. వారం రోజులు ఆగమని అడిగాను. అత్త నా వైపు మాట్లాడింది.

మూడో రోజు గట్టు మీద నుంచి పచ్చదనం కనబడింది. మావయ్య పిల్లలు పరిగెత్తారు. దగ్గరికి వెళ్తే అది ఊద, కలుపు గడ్డి. వరి, ఊద రెండూ గడ్డి జాతే, లేతలో అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అత్త ఆకు తొడిమను వెనక్కి వంచి చూసి, "దీనికి నాలుక లేదు" అంది. వరి ఆకు కాండాన్ని అంటే చోట తెల్లటి పొర నాలుకలా ఉంటుంది, ఊదకు ఉండదు. ఆ సాయంత్రం ఎవరూ మాట్లాడుకోలేదు.

ఐదో రోజున సబ్‌-1 దుబ్బుల నడుమ సూదిలా చుట్టుకున్న కొత్త ఆకు వచ్చింది. ఒకటి, రెండు, తర్వాత వరసలు వరసలు. ఈసారి నాలుక నేనే చూశాను. ఏడో రోజు దాకా ఎరువు ముట్టుకోనివ్వలేదు, మడిలో నడవనివ్వలేదు. కొత్త ఆకు విచ్చుకున్నాక ఆపి ఉంచిన యూరియా, పొటాష్ కలిపి చల్లాం. నీరు తీసిన రోజే యూరియా వేయడం చాలామంది చేసే పొరపాటు. తీసుకునే ఆకే లేనప్పుడు ఎరువు ఎవరికి? చనిపోయిన చోట్ల పక్క దుబ్బుల పిలకలు విడదీసి నాటారు.

లెక్కపెడితే సబ్‌-1లో పదింట ఎనిమిది దుబ్బులు లేచాయి. మామూలు స్వర్ణలో పదింట ఒకటి. పైరు రెండు వారాలు వెనకబడింది, కోత డిసెంబరుకు జరిగింది, వెనక వేసే పెసర అదును తప్పి సరిగ్గా రాలేదు. ఆ నష్టం కూడా లెక్కలో రాసుకోవాలి. ధాన్యం మాత్రం ముంపు లేని ఏడాదిలో వచ్చేదానికి ముప్పాతిక భాగం వచ్చింది. ఒక పొలం ఫలితంతో దేన్నీ రుజువు చేయలేం. ఒడిశాలోనే 128 ఊళ్ళలో జరిపిన పరిశీలన 2013లో ప్రచురితమైంది. పది రోజులు మునిగిన మళ్ళలో స్వర్ణ కంటే స్వర్ణ సబ్‌-1 దిగుబడి 45 శాతం ఎక్కువని తేలింది. అదే పత్రంలో ఇంకో సంగతి ఉంది: ముంపు ఎక్కువగా వచ్చే పల్లాలు ఎక్కువగా అణగారిన కులాల రైతుల చేతిలో ఉన్నాయని. మా గెడ్డ వెంట నడిచినా ఎవరి మడి ఎక్కడుందో కనిపిస్తుంది.

అమ్మకం దగ్గర చిన్న గొడవ వచ్చింది. రంగు చూసి ఇది 7029 కాదని కొనేవాడు రేటు తగ్గించబోయాడు. అక్కడే గుప్పెడు వడ్లు ఒలిచి బియ్యం చూపిస్తే ఒప్పుకున్నాడు.

2018: తిత్లీ

ఒక ఏడు మునిగి లేచిన పైరును చూశాక రైతు ధైర్యం మారుతుంది. ఒడిశాలోనే 2016లో ప్రచురితమైన మరో అధ్యయనం దీన్ని కొలిచింది: ఈ విత్తనం అందిన రైతులు ఎరువు ఎక్కువ వేశారు, సాగు పెంచారు, అప్పు కూడా ఎక్కువ వాడుకున్నారు. మంచి పరిణామమే అని నేనూ అనుకున్నాను. మావయ్య ఇంకో ఎకరం పల్లం కౌలుకు తీసుకున్నాడు. ఎరువుకు అప్పు చేశాడు. అదంతా నా ఎదుటే జరిగింది, నేను సంతోషించాను.

జూన్ రెండో వారంలో ఆకుమడి పోశారు. స్వర్ణ కాలం 145 రోజులు, కాబట్టి అక్టోబరు మొదటి వారంలో ఈనింది. అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఇవతల గజపతి, రాయగడ జిల్లాల్లో కుండపోత. వంశధార పొంగింది, గెడ్డ ఎగదన్నింది. ఈసారి మడిలో నీరు నిలిచింది నాలుగు రోజులే.

నీరు తీశాక చూస్తే పైరు బతికే ఉంది. ఆకు పచ్చగానే ఉంది. పది రోజుల తర్వాత వెన్నులు వంగలేదు. తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. మావయ్య ఒక వెన్ను తెంపి దూసి అరచేతిలో ఊదాడు. చెయ్యి ఖాళీ అయింది. అంతా తాలే.

సబ్‌-1ఎ కాపాడేది పిలకలు వేసే వయసులో ఉన్న మొక్కను. ఎదుగుదల ఆపి సత్తువ దాచడమే దాని పని. పువ్వు విచ్చుకున్నప్పుడు నీరొస్తే పుప్పొడి పాడవుతుంది, గింజ కట్టదు, అక్కడ దాచిన సత్తువతో పని లేదు. మొలక దశలో మునిగినా ఇది కాపాడదు. మోకాలి లోతు నీరు నెలల తరబడి నిలిచే మళ్ళకూ ఇది సరిపోదు. అక్కడ సాగే గుణమే కావాలి. ఇవన్నీ నాకు ముందే తెలుసు. కానీ ఊళ్ళో మూడేళ్ళూ నేను చెప్పిన మాట "వరదకు ఆగుతుంది" అని. ఏ వరదకో చెప్పలేదు. ఆగస్టు నీటికీ అక్టోబరు నీటికీ తేడా చెప్పి ఉంటే ఆయన ఆ ఎకరం తీసుకునేవాడో లేదో తెలియదు. తెలిసి తీసుకోవడం మాత్రం ఆయన హక్కు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ఏ రైతుకు విత్తనం ఇచ్చినా ఆకుమడి తేదీ అడిగి, నెలలు గీసిన కార్డు మీద రెండు గీతలు గీస్తాను. ఉభాలయ్యి వేరు పట్టిన నాటి నుంచి చిరుపొట్ట (వెన్ను లోపల రూపుకట్టే దశ) దాకా పచ్చ గీత, అక్కడి నుంచి పాలు పోసుకునేదాకా ఎర్ర గీత. ఎర్ర గీతలో నీరొస్తే ఈ విత్తనం మీకు ఏమీ చేయదని నోటితో చెబుతాను. మావయ్య ఇప్పుడు గెడ్డ పక్క ఎకరంలోనే సబ్‌-1 వేస్తాడు. కాస్త మిట్టగా ఉన్న భాగంలో తక్కువ కాలపు ఎంటీయూ 1010. అదీ నిర్భయం కాదు, దాని కోత సరిగ్గా తుఫానుల నెలలో పడుతుంది. కానీ రెండూ ఒకే వారంలో ఈనవు.

2025 మేలో కేంద్రం రెండు జీనోమ్ ఎడిటింగ్ వరి రకాలను ప్రకటించింది. సాంబమసూరిలో మార్పు చేసి హైదరాబాద్‌లో తీసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల ఒకటి. ఎంటీయూ 1010లో మార్పు చేసి ఢిల్లీలో తీసిన పూసా డీఎస్‌టీ రైస్ 1 రెండోది. టీవీలో 1010 పేరు విని మావయ్య ఆ రాత్రే ఫోన్ చేశాడు. బయటి జన్యువు పెట్టలేదని, వరిలో ఉన్న జన్యువునే కాస్త సవరించారని చెప్పాను. కమల వెన్నులో గింజలు పెంచడానికి, త్వరగా కోతకు రావడానికి. రెండోది ఉప్పు నేలలకు, నీటి ఎద్దడికి. ముంపుకు కాదు.

ఆయన కాసేపు ఆగి, "ఎద్దడి అంటే ఏ వయసులో ఎద్దడి బాబూ? ఊడ్చిన కొత్తలోనా, ఈనేటప్పుడా?" అని అడిగాడు.

కాగితాలు చూసి చెబుతానన్నాను. "చూసి చెప్పు. సంచి వచ్చినప్పుడు ఆ తెల్లగుడ్డ కూడా తీసుకురా" అన్నాడు.